మందు కలిపేముందు రెట్ట చూడు

టెక్కలి

బుజ్జీ,

ఫోన్లో చెబితే సగం మరిచిపోతావు, మిగతా సగం మీ అమ్మకి ఇంకోలా చెబుతావు. అందుకే రాస్తున్నాను. ఈ కాగితం వంటింటి తలుపుకి అంటించుకో.

మీరుండే ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో కోళ్ళున్న ప్రతి లైన్లోనూ ముగ్గురు నలుగురు వైద్యులుంటారు. పక్క క్వార్టర్ మామ్మ పసుపు ముద్ద మింగించమంటుంది. ఎదురింటి దాదా టెట్రాసైక్లిన్ అంటాడు. మందుల షాపు కుర్రాడు చేతికందిన స్ట్రిప్పు చింపిస్తాడు. కోళ్ళకని నువ్వు తెచ్చిన అమాక్సిసిలిన్ అలా వచ్చిందే అయ్యుంటుంది. దాన్ని విప్పకుండా పక్కన పెట్టు. మూడు పెట్టలు తల వాల్చేశాయన్నావు గానీ రెట్ట ఏ రంగులో ఉందో చెప్పలేదు. నాకు ముందు కావలసింది అదే.

ఆకుపచ్చగా, సున్నం కలిసినట్టు పారుతూ, మెడ మెలితిరిగి, కాళ్ళు ఈడుస్తుంటే కొక్కెర తెగులని అనుమానించు. డాక్టర్లు రాణిఖేత్ అంటారు. మన దేశంలో మొదట రాణిఖేత్ అనే కొండ ఊళ్ళోనే గుర్తించారు. అది వైరస్, ఏ యాంటీబయోటిక్కూ దాని మీద పనిచేయదు. పెరటి కోళ్ళని గంపలకి గంపలు ఊడ్చేసేది ఇదే, జనం ఎక్కువ మందులు పోసేదీ దీనికే. పదింటిలో తొమ్మిది పోయి ఒకటి తేరుకుంటే ఆ పేరు కాస్తా క్యాప్సూల్‌కి పోతుంది.

పిల్లలు రెక్కలు వాల్చి మూల చేరి, రెట్టలో రక్తం పడుతుంటే రక్తపారుడు. దానికి కారణం కాక్సిడియా అనే పరాన్నజీవి, దాని మందు ఆంప్రోలియం. 20 శాతం పొడి దొరికితే లీటరు నీళ్ళకి 1.2 గ్రాములు, ఐదు రోజులు. ఆ పరాన్నజీవికి బి1 విటమిన్ అందకుండా చేయడమే ఆ మందు పని, కాబట్టి ఆ ఐదు రోజులూ బలానికని బి-కాంప్లెక్స్ కలపకు.

ముక్కు కారి, కంటి కింద వాచి, రాత్రి గంపలోంచి గురగుర వినిపిస్తుంటే మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా కావచ్చు. యాంటీబయోటిక్‌కి నిజంగా పని ఉన్నది ఇక్కడ. అయితే అమాక్సిసిలిన్ బ్యాక్టీరియాని గోడ కట్టుకోనివ్వకుండా చంపుతుంది, మైకోప్లాస్మాకి అసలు గోడే లేదు. టైలోసిన్, డాక్సీసైక్లిన్ లాంటివి కావాలి. అవీ డాక్టరు పెట్టని చూసి రాస్తేనే. బ్లాకు పశువైద్యశాలకి తీసుకెళ్ళు, లేదా మీ వైపు తిరిగే పశువైద్య సహాయకుణ్ణి, అదే ప్రాణీబంధుని, పిలువు.

ఒకే రాత్రి నాలుగైదు చచ్చి, జుట్టు నల్లబడి, ముఖాలు వాచి ఉంటే మాత్రం ముట్టుకోకు, కోయకు, పశువైద్యశాలకి వెంటనే కబురు చెయ్యి. 2008 జనవరిలో బీర్‌భూమ్‌లో బర్డ్‌ఫ్లూ బయటపడ్డాక మీ బెంగాల్లో లక్షల కోళ్ళని చంపి పూడ్చారు.

డాక్టరు మందు రాశాడనుకో. ఇక్కణ్ణించి నీ పని. పెట్టని సంచిలో వేసి స్ప్రింగు త్రాసుకి తగిలించి బరువు చూడు. మోతాదు కిలోకి ఇన్ని మిల్లీగ్రాములని రాస్తారు. కిలోన్నర పెట్టకి మనిషి క్యాప్సూల్‌ని కంటికొలతతో పంచలేం. జబ్బు పెట్టని వేరే గంప కింద పెట్టు. నీళ్ళలో కలిపే మందైతే అది రోజూ ఎంత తాగుతోందో చూసి కలపాలి. బాగున్న పెట్ట పావు లీటరు దాకా తాగుతుంది, ఎండాకాలం ఇంకా ఎక్కువ. జబ్బు పెట్ట అంత తాగదు, మందు చాలదు. అప్పుడు డ్రాపరే నయం. ముక్కు పక్కనుంచి ఒక్కో చుక్క వెయ్యి. నాలుక మొదట్లోనే గాలిగొట్టం నోరుంటుంది, ఒక్కసారి పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

రేకు గిన్నె వద్దు, ప్లాస్టిక్ గిన్నెలో కలిపి నీడలో పెట్టు, రోజూ పారబోసి కొత్తది కలుపు. కుళాయి దగ్గర మడుగూ, క్వార్టర్ వెనక డ్రైనూ మూసెయ్యి. అక్కడ తాగొచ్చిన కోడి మందు గిన్నె వైపు చూడదు. మీది ఎర్ర కంకర నేల, బావినీళ్ళలో ఇనుము ఉంటే టెట్రాసైక్లిన్ జాతి మందుల్ని పట్టేసుకుంటుంది. సున్నం, గుల్ల, పెరుగు కూడా అంతే. మందు ఉన్నన్నాళ్ళూ వాటిని తీసెయ్యి. రెండో రోజుకే గింజలు ఏరుకుంటోందని ఆపకు, రాసినన్ని రోజులూ వెయ్యి. మూడో రోజుకీ మార్పు లేకపోతే డాక్టరుకే చెప్పు. నువ్వు మందు మార్చకు.

గుడ్ల సంగతి. లేబుల్ మీద ఎన్నాళ్ళు ఆగాలో ఉంటుంది, లేకపోతే మన మందుల చట్టం ప్రకారం ఆఖరి మోతాదు తరవాత గుడ్డుకి కనీసం 7 రోజులు, మాంసానికి 28. పచ్చసొన ఓ పది రోజులపాటు లోపల పెరుగుతూ ఉంటుంది, మందు అందులో చేరుతుంది. ఉడకబెడితే పోతుందనుకోకు. అవి పిల్లాడికి పెట్టకు, పక్కింటికి పంచకు, పూడ్చెయ్యి. అమ్మోరికి మొక్కిన పుంజుకి మందు పడితే పండగ తేదీ లెక్కేసుకో, చాలకపోతే వేరే పుంజుని చూడమని మీ నాన్నకి చెప్పు. చచ్చేలోగా కోసేద్దామనే మాట మీ నానమ్మ అంటుంది. ఒప్పుకోకు.

“రోజూ చిటికెడు మందు కలిపితే జబ్బే రాదు కదా?” అని అడిగావు. ఆ ఆలోచన చాలా పాతది, దాని పుట్టుక దగ్గర మనవాడు కూడా ఉన్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకి డైరెక్టరుగా ఉండగా, బెంజమిన్ డగ్గర్ అక్కడే మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశాడు. టెట్రాసైక్లిన్లలో మొదటిది అదే. 1948లో అది బయటికొచ్చింది, సుబ్బారావు గారు పోయిందీ ఆ ఏడే. ఆ మందు తీశాక మిగిలిన పిప్పిని మేపితే కోడిపిల్లలు తొందరగా బరువెక్కుతున్నాయని అదే కంపెనీలో థామస్ జూక్స్ వాళ్ళు చూశారు. జబ్బులేని కోడికి మందు మేపే వ్యాపారం అలా లోకమంతా పాకింది. మందుకి లొంగని క్రిములూ దాంతోపాటే పెరిగాయి. మనుషులకి ఇంకేదీ పనిచేయనప్పుడు వాడే కొలిస్టిన్‌ని కూడా కోళ్ళకి మేపుతుంటే, 2019లో మన ప్రభుత్వం తిండి కోసం పెంచే జంతువులకి దాన్ని నిషేధించాల్సి వచ్చింది. చిటికెడు సంగతి మరిచిపో.

కొక్కెరకి పనికొచ్చేది టీకా. కోడిపిల్లలకి మొదటి వారంలో కంట్లో చుక్క, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య ఆర్‌2బి టీకా సూది. ఆరోగ్యంగా ఉన్నవాటికే వేయించాలి. ఒక్కో బుడ్డిలో చాలా డోసులుంటాయి, కలిపాక ఐసులో పెట్టినా రెండు గంటలకి మించి ఆగదు. మీ ఒక్కరి కోళ్ళకి తెస్తే చాలా భాగం వృథా. లైన్లో అందరినీ కూడగట్టి, ప్రాణీబంధు వచ్చే రోజు తెల్లవారకముందే కోళ్ళని గంపల కింద మూసి ఉంచు. అదంతా తరవాత, ముందు రెట్ట ఫోటో మీ తమ్ముడి ఫోన్ నుంచి ఈ రాత్రికే పంపు.

మీ చిన్నాన్న