వరి పొలాల్లో పురుగుమందుల ముప్పు: కూలీల అవగాహన, విస్తరణ కర్తవ్యం

నెల్లూరు తీరంలోని బోగోలు వంటి మండలాల్లో వరిపై మందు కొట్టే పనిని కూలీకి అప్పగించినప్పుడు మందును ఎంచుకునేది ఒకరు, దానికి గురయ్యేది మరొకరు. కూలీల ఆరోగ్య రక్షణను ఈ కోణంలో పరిశీలించడం అవసరం.

ముప్పును గుర్తించే తీరు

పురుగుమందు విషమని కూలీలకు తెలియకపోలేదు. అయితే ప్రమాద తీవ్రతను వారు సాధారణంగా వాసన ఘాటును బట్టి అంచనా వేస్తారు. ముక్కుకు తువాలు చుట్టుకోవడానికి కారణమిదే. పిచికారీలో మందు ప్రధానంగా చర్మం ద్వారా శరీరంలోకి చేరుతుంది. తడిసిన తువాలు, లుంగీ మందును చర్మానికి అంటిపెట్టి ఉంచుతాయి. ఏపుగా పెరిగిన వరిలో నడిచేవారి తొడలు, గజ్జలు తడుస్తాయి. ముంజేతి చర్మం కంటే గజ్జల చర్మం మందును ఎంతో అధికంగా పీల్చుకుంటుంది.

తీరప్రాంతపు ఉక్కపోత మరో చిక్కును తెస్తుంది. తలనొప్పి, తలతిరుగుడు, చెమటలు ఎండ ప్రభావంగా కొట్టివేయబడతాయి. కంటిపాపలు కుంచించుకుపోవడం, నోటివెంట చొంగ కారడం, కండరాలు అదరడం ఆర్గానోఫాస్ఫేట్ విషప్రభావానికి సూచనలు. ఈ మందులు నరాల పనికి అవసరమైన కోలినెస్టరేజ్ ఎంజైమును అడ్డగిస్తాయి. పాలు, మజ్జిగ దీనికి విరుగుడు కావు.

లెక్కకు రాని బాధితులు

మన దేశంలోని మూడు గ్రామాల్లో పత్తి సాగుచేసే 50 మంది మహిళలు తమకు, తమ ఇంటి మగవారికి కలిగిన లక్షణాలను ఒక పంటకాలమంతా నమోదు చేశారు. మాన్చిని బృందం 2005లో ప్రచురించిన ఈ అధ్యయనంలో నమోదైన 323 సందర్భాల్లో 83.6 శాతం స్వల్పం నుండి తీవ్రం వరకు విషప్రభావ లక్షణాలతో కూడినవి. 6 శాతం పిచికారీల్లో నరాలపై ప్రభావం అతి తీవ్రంగా ఉన్నప్పటికీ ఒక్కరూ వైద్య సహాయం కోరలేదు. పిచికారీ చేయకపోయినా సహాయకులుగా ఉన్న మహిళలు కూడా విషప్రభావానికి లోనయ్యారు. భూస్వాముల కంటే సన్నకారు రైతులే తరచుగా తీవ్ర ప్రభావానికి గురయ్యారు. పంట వేరైనా, మందు కలిపేవారు, నీరు మోసేవారు, తడిసిన బట్టలు ఉతికేవారు వరి ప్రాంతంలోనూ ఉన్నారు.

విస్తరణలో చేయదగినవి

ట్యాంకు లెక్కన కూలి పొందే వ్యక్తికి పని ఆపి కడుక్కోవడమంటే ఆదాయం తగ్గడమే. "చేతి తొడుగులు ధరించండి" అన్న సలహా ఒక్కటే అందుకే చాలదు. 1971 నాటి పురుగుమందుల నియమాలు మందు చల్లేవారికీ రక్షణ దుస్తులు ఉండాలని నిర్దేశించాయి. శిక్షణకు కూలీలతోపాటు యజమానులను, సహాయక మహిళలను పిలవాలి. వారికి చెప్పవలసిన అంశాలు ఇవి:

1. తెగులు, పురుగు ఉనికిని పరిశీలించిన తరువాతే మందు చల్లాలి. డబ్బాపై ఎరుపు త్రికోణం అత్యంత విషపూరితమైనదానికి గుర్తు. ఆపై వరుసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. పనిచేసే మందుల్లో తక్కువ విషపూరితమైనదాన్ని ఎంచుకోవాలి.
2. నాట్లలో ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలాలి. సుడిదోమ నివారణకు సూచించే ఈ పద్ధతి తడి పైరు ఒంటికి రాసుకోవడాన్నీ తగ్గిస్తుంది.
3. గట్టుపై సబ్బు, నీరు ఉంచాలి. కడుక్కునే సమయానికీ కూలి చెల్లించాలి.
4. లక్షణాలు కనిపిస్తే పని ఆపి, తడిసిన బట్టలు విప్పి, ఒంటిని సబ్బుతో కడిగి, మందు డబ్బాతో సహా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. లేబుల్ చూస్తే వైద్యునికి విరుగుడు నిర్ణయించడం సులభమవుతుంది.

మందు ఎంపిక, పని వేళ, కూలి చెల్లింపు యజమాని చేతిలో ఉన్నంతకాలం జాగ్రత్త భారాన్ని కూలీపైనే మోపడం విస్తరణ లోపంగానే మిగులుతుంది.