ఆడని వేళల ఆట

ఐస్ హాకీలో ఒక జట్టు తరఫున మంచు మీద ఒకేసారి ఉండేది ఆరుగురే. మ్యాచ్‌కు సిద్ధమై వచ్చేది ఇరవై మంది. గోల్‌కీపర్ తప్ప, బరిలోకి దిగినవాడెవరైనా సుమారు ముప్పావు నిమిషం ఒళ్లు దాచుకోకుండా ఆడి, వచ్చి బెంచీ మీద కూర్చుంటాడు. అతని చోటికి మరొకడు దూకుతాడు. అరవై నిమిషాల ఆటలో పేరుమోసిన ఆటగాడికైనా దక్కేది అటూ ఇటుగా ఇరవై నిమిషాలు. లక్షల డాలర్లు అందుకునేవాడు కూడా ఎక్కువసేపు కూర్చునే ఉంటాడన్నమాట. ఆ కూర్చున్నంతసేపూ ఊపిరి కూడదీసుకుంటూ, ఎదుటి జట్టు ఎత్తులు కనిపెడుతూ, తన వంతు రాగానే ఏం చేయాలో తేల్చుకుంటూ ఉంటాడు. మన బతుకుల్లోనూ పరీక్ష మూడు గంటలే, ఇంటర్వ్యూ అరగంటే. మిగిలిన ఏళ్లన్నీ వంతు కోసం ఎదురుచూపులే. మనిషి వ్యక్తిత్వం తయారయ్యేది ముఖ్యంగా ఆ ఎదురుచూపుల్లోనేనని నా వాదన.

కెనడాలోని ఫ్రెడరిక్టన్‌లో 1935లో పుట్టిన విల్లీ ఓరీ జీవితం ఇందుకు గట్టి సాక్ష్యం. దాదాపు ఇరవై ఏళ్ల వయసులో పక్ (ఆటలో కొట్టే రబ్బరు బిళ్ల) తగిలి అతని కుడికన్ను చూపు దాదాపు పూర్తిగా పోయింది. అయినా 1958 జనవరి 18న బోస్టన్ బ్రూయిన్స్ తరఫున ఆడి, నేషనల్ హాకీ లీగ్‌లో అడుగుపెట్టిన తొలి నల్లజాతి ఆటగాడయ్యాడు. కానీ ఆ లీగ్‌లో అతను ఆడింది మొత్తం 45 మ్యాచ్‌లు, చేసింది నాలుగు గోల్స్. 1961 తర్వాత మళ్లీ పిలుపే రాలేదు. అతను కుంగిపోలేదు. పశ్చిమ తీరంలోని చిన్న లీగ్‌లో చేరాడు. ఎడమవైపు ఆడుతుంటే గుడ్డికన్ను వైపు నుంచి వచ్చే పక్ కనిపించడం లేదని కుడివైపుకు మారి, రెండుసార్లు ఆ లీగ్‌లో అత్యధిక గోల్స్ చేశాడు. నలభై దాటాక కూడా, 1979 దాకా ఆడాడు. 2018లో హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో అతనికి చోటిచ్చింది ఆ నాలుగు గోల్స్‌ను చూసి కాదు. తర్వాతి దశాబ్దాల్లో పిల్లలకు ఈ ఆట దగ్గర చేయడానికి పడిన శ్రమను చూసి.

ఇదంతా అదృష్టం కలిసొచ్చినవాళ్ల కథ అనేవాళ్లుంటారు. అదృష్టం సంగతే చూద్దాం. 2020 ఫిబ్రవరి 22న టొరంటోలో కరోలినా జట్టు గోల్‌కీపర్లిద్దరూ ఒకే మ్యాచ్‌లో గాయపడ్డారు. ఇలాంటి అవసరానికి స్థానికంగా ఒక అత్యవసర గోల్‌కీపర్‌ను సిద్ధంగా ఉంచాలని అప్పటి లీగ్ నియమం. ఆ రోజు వంతు డేవిడ్ ఏర్స్‌ది. వయసు 42. మంచు చదును చేసే యంత్రం నడిపే ఉద్యోగి, 2004లో మూత్రపిండం మార్పిడి చేయించుకున్నవాడు. వచ్చిన మొదటి రెండు షాట్లూ గోల్‌లోకి పోయాయి. తర్వాతి ఎనిమిదీ ఆపాడు. కరోలినా 6-3తో గెలిచింది. ఇద్దరు కీపర్లు గాయపడటం అదృష్టమే. ఆ ఎనిమిది షాట్లు ఆపడం మాత్రం అదృష్టం కాదు. పెద్ద ఆటగాళ్ల సాధనలో ఏళ్లుగా గోల్ దగ్గర నిలబడి నేర్చుకున్న పని. తలుపు తట్టడం వరకే అదృష్టం చేయగలదు. తెరిచేవాడు అప్పటికే లేచి ఉండాలి.

మన పక్కనే ఇంకో ఉదాహరణ ఉంది. ఉమ్మడి చిత్తూరు జిల్లా ఎనుములవారిపల్లి నుంచి వచ్చిన ఎతిమరపు రజని భారత మహిళా హాకీ జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడింది. ఆమెది ఐస్ హాకీ కాదు, మైదానంలో ఆడే హాకీ. అప్పట్లో జట్టులో మొదటి కీపర్ సవిత. 2018 ఆసియా క్రీడల్లో రజతం, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్లలో రజని రెండో కీపర్. ఇతర ఆటగాళ్లను మ్యాచ్ మధ్యలో మార్చినంత తరచుగా కీపర్‌ను మార్చరు. అలాంటి స్థానంలో ఏళ్ల తరబడి నిలవాలంటే, ఆడే అవకాశం రాని రోజున కూడా ఆడేవాళ్లంత సాధన చేయాలి.

అసలైన అభ్యంతరం ఇక్కడే వస్తుంది. ఓపిక పట్టమని చెప్పడం పైవాళ్లకు అనుకూలం కదా, అవకాశం ఇవ్వనివాళ్లను అడగకుండా యువతను కూర్చోబెట్టడం కదా? నిజమే. ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధ్యాయ ఉద్యోగాల కోసం పెట్టే డీఎస్సీ పరీక్షలు 2018 ప్రకటన తర్వాత మళ్లీ 2025లోగానీ జరగలేదు. ఆ జాప్యానికి బాధ్యత అభ్యర్థులది కాదు, దాన్ని ప్రశ్నించే హక్కు వారికుంది. కానీ ప్రశ్నించడం వేరు, ఆ ఏళ్లను ఖాళీగా వదిలేయడం వేరు. ఒకే గుమ్మం ముందు పడిగాపులు కాయమని ఓరీ జీవితం కూడా చెప్పదు. పెద్ద లీగ్ మూసుకుపోతే అతను ఇంకో లీగ్‌కు వెళ్లాడు, ఆడే వైపునే మార్చుకున్నాడు.

వంతు రాని రోజులను వాడుకోవడం ఎలాగో మన మత్స్యకారులను చూస్తే తెలుస్తుంది. నెల్లూరు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలతో చేపల వేట నిషేధం. ఆ రోజుల్లో వాళ్లు వలలు బాగుచేసుకుంటారు, పడవలకు మరమ్మతులు చేసుకుంటారు. చేయనివాడికి జూన్ 15న సముద్రం తెరుచుకున్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఉద్యోగ ప్రకటన కోసం ఎదురుచూసే యువత కూడా మూడు పనులు చేయొచ్చు. మొదటిది, సాధనను పరీక్ష తేదీకి ముడిపెట్టకుండా రోజూ కొంత సాగించడం. రెండోది, ఏ బలహీనత వల్ల వెనకబడుతున్నామో కనుక్కుని, అవసరమైతే పద్ధతినే మార్చడం. మూడోది, ఈ దారిలో ఎన్నేళ్లు ఉండాలో ముందే గడువు పెట్టుకుని, ఆ తర్వాత వేరే దారిని సిగ్గుపడకుండా ఎంచుకోవడం. వంతు ఎప్పుడొస్తుందో మన చేతుల్లో లేదు. వచ్చేనాటికి మనం ఎవరమై ఉంటామన్నది చాలావరకు మన చేతుల్లోనే ఉంది.