రోగి చీటీ



మన పాఠశాలలో ప్రతిదినమును ఉపాధ్యాయుడు హాజరుపట్టీ తెరచి మీ పేరులు పిలుచును. ఒక బాలుడు మూడు దినములు రాకపోయినయెడల నాలుగవ దినమున ఆ పట్టీయే ఆ సంగతి తెలుపును. ఉపాధ్యాయుని జ్ఞాపకశక్తితో పనిలేదు. ఆసుపత్రిలో ఇట్టి పట్టీ లేకున్నచో నేమి జరుగును? ఉండియు, ఒకచోట నుండక పదిచోట్ల చెదరియున్నచో నేమి జరుగును? ఈ విషయమును పుస్తకములనుండియే వ్రాయవలెనని మొదట తలచితిని గాని, మా యింట జరిగిన సంగతితో ప్రారంభించుటయే న్యాయమని తోచినది.

మా తల్లిగారికి చాలకాలముగా మధుమేహము కలదు. మా గ్రామమందలి డాక్టరుగారు ఆమెకు ప్రతి ఉదయమును ఫలహారమునకు ముందు గ్లిమిపిరైడ్ అను మాత్ర నొకదానిని వ్రాసియిచ్చి యుండిరి. కొంతకాలమునకు ఆమెకు అరికాళ్లమంటలు బయలుదేరగా, నేనామెను పట్టణములోని యొక ఆసుపత్రికి గొనిపోయితిని. అచ్చటి డాక్టరుగారు, "ఇదివరకు ఏమేమి మందులు పుచ్చుకొనుచున్నారు?" అని యడిగిరి. బస్సు తప్పిపోవునను తొందరలో పాతచీటీ యింటనే మరచితిని. "ఏదో చిన్నమాత్ర యండీ, పేరు జ్ఞాపకము లేదు" అని చెప్పితిని. ఆయన రక్తములోని చక్కెర చూపించి, హెచ్చుగా నున్నదని క్రొత్తమందులు వ్రాసిరి. అందులో నొకటి ఆ గ్లిమిపిరైడే; కాని వేరొక కంపెనీవారు వేరు పేరుతో అమ్మునది. పేరులు వేరుగా నుండుటచే మేము పాతమాత్రయు మానలేదు, క్రొత్తదియు వేయుచుంటిమి.

నాలుగవనాటి ప్రొద్దున మా తల్లిగారికి ఒళ్లంతయు చెమటలు పట్టెను. చేతులు వణకుచుండెను. నన్ను చూచుచు నా పేరు చెప్పలేకపోయెను. దైవవశమున మా వీధిలోనే యొక నర్సమ్మగారు కాపురమున్నారు. ఆమె పరుగున వచ్చి, నోట పోసినది మ్రింగగలదని నిశ్చయించుకొని, చక్కెర కలిపిన నీరు త్రాగించి, పిమ్మట ఆసుపత్రికి పంపిరి. అచ్చట రెండు మాత్రల అట్టలను ప్రక్కప్రక్కన పెట్టి చూపిరి. పెద్దయక్షరములలో నున్న పేరులు వేరు. వాని క్రింద చిన్నయక్షరములలో నున్న మందుపేరు ఒక్కటే. నేను ఇరువదియేండ్లుగా ఇంగ్లీషు పాఠములు చెప్పుచున్నవాడను. ఆ చిన్నయక్షరములు చదువనైతిని.

ఇందు తప్పెవరిదని ఆలోచించితిని. నాది కొంత యున్నది, దానిని దాచను. గ్రామపు డాక్టరుగారు సరిగానే వ్రాసిరి. పట్టణపు డాక్టరుగారు తాము విన్నదానికి సరిగానే వ్రాసిరి. మందుల దుకాణమువాడు చీటీలో నున్నదే యిచ్చెను. ఎవరి పని వారు చేసిరి. ఒకరికి తెలిసిన సంగతి మరియొకరికి చేరుటకు మాత్రము మార్గములేకపోయెను. ఆ మార్గమును మనుష్యులు ఎట్లు కనుగొనిరో చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఫ్లారెన్సు నైటింగేలు దీపము పట్టుకొనిన పటమును మీలో ననేకులు చూచియుందురు. ఆమె 1854వ సంవత్సరము నవంబరు 4వ తేదీని 38 మంది పరిచారికలతో స్కుటారి సైనిక వైద్యశాలకు చేరెను. దీపముకథ యందరికిని తెలియును గాని, ఆమె కాగితముకథ తక్కువమందికి తెలియును. అచ్చట చనిపోయినవారి లెక్కలను వేరువేరు కచేరీలవారు వేరువేరుగా వ్రాయుచుండిరి. ఒకరి లెక్క మరియొకరి లెక్కతో కలియదు. యుద్ధము ముగిసి స్వదేశమునకు వచ్చినపిమ్మట, ఆమె విలియం ఫార్ అను గణాంకశాస్త్రజ్ఞుని సహాయమున ఆ లెక్కలను సరిచూచి, గాయములవలన చచ్చినవారికంటె జ్వరము, విరేచనములు, కలరా మొదలగు వ్యాధులవలన చచ్చినవారే మిక్కిలి హెచ్చని రంగుల చక్రపటములు వ్రాసి 1858లో ప్రకటించెను. 1855 వసంతమున ప్రభుత్వము పంపిన ఆరోగ్యసంఘమువారు మురుగుకాలువలు బాగుచేయించినపిమ్మట మరణములు తగ్గినవని ఆ లెక్కలే చూపెను. తాను రాత్రింబగళ్లు చేసిన పరిచర్యకంటె మురుగుకాలువయే ఎక్కువమంది ప్రాణములు తీసెనని తన లెక్కలవలన తానే తెలిసికొనుట ఎంత కష్టముగా నుండెనో ఊహింపుడు. ఆమె ఆ లెక్కను మరుగుపరచలేదు. ఆసుపత్రులన్నియు ఒకేరీతి పట్టీలలో లెక్కలు వ్రాయవలెనని 1860లో లండనులో జరిగిన అంతర్జాతీయ గణాంకమహాసభకు మాదిరి పట్టీలు సమర్పించెను.

అయితే అట్టి పట్టీ వేలమందిని గూర్చి చెప్పును. డాక్టరుగారి యెదుట కూర్చున్న ఒక్క ముసలమ్మను గూర్చి చెప్పదు. దానికి వేరొక యుపాయము కావలసివచ్చెను.

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రమున రాచెస్టరు అను చిన్నపట్టణము కలదు. అచ్చట మేయోగారును, ఆయన కుమారు లిద్దరును పేరుపొందిన శస్త్రవైద్యులు. 1901లో హెన్రీ ప్లమ్మరు అను వైద్యుడు వారితో చేరెను. అప్పటి వాడుక ఏమనగా, ప్రతి డాక్టరునకును తనదైన పెద్దపుస్తక ముండును. రోగి వచ్చినప్పుడెల్ల తాను చూచిన సంగతి తన పుస్తకములో వ్రాసికొనును. మన శెట్టిగారి చిట్టావంటిదే. రోగి మరల రెండేండ్లకు వచ్చి వేరొక డాక్టరును చూచినయెడల, అతని పాతవృత్తాంతము ఏ పుస్తకములో ఏ పుటలో నున్నదో వెదకవలయును. రక్తపరీక్షల ఫలిత మొకచోట, శస్త్రచికిత్స వివరము మరియొకచోట.

ప్లమ్మరు దీనిని తలక్రిందులుచేసెను. పుస్తకము డాక్టరుది కారాదు, రోగిది కావలెననెను. 1907లో ప్రారంభించిన ఆయన పద్ధతి యిది: క్రొత్తగా వచ్చిన ప్రతిరోగికిని ఒక సంఖ్య యిత్తురు. ఆ సంఖ్య జీవితాంతము అతనిదే. ఆ సంఖ్య వ్రాసిన కవరొకటి యుండును. ఏ డాక్టరు చూచినను, ఏ పరీక్ష చేసినను, ఏ శస్త్రచికిత్స జరిగినను, ఉత్తరము వచ్చినను, ఆ కాగితమంతయు ఆ కవరులోనే చేరవలెను. రోగి యేగదికి పోయిన ఆ కవరు ఆ గదికి పోవలెను. 1914లో వారు కట్టిన క్రొత్తభవనములో నీ కాగితములు ఒక యంతస్తునుండి వేరొక యంతస్తునకు త్వరగా పోవుటకు యంత్రసాధనములుకూడ ఆయనయే అమర్పించెను. ఇంతకును ఆయన గుమాస్తా కాడు. గళగండవ్యాధులను పరిశోధించి కీర్తిగాంచిన వైద్యుడు. అట్టివాడు కవరులను గూర్చియు, అరలను గూర్చియు ఇంత శ్రమపడుట చూచి కొందరు నవ్వియుందురని నేననుకొందును. కాని పదిమంది డాక్టరులు ఒకే రోగిని చూచునపుడు వారందరును ఒక్క డాక్టరువలె ఆలోచించుట ఆ కవరువలననే సాధ్యమైనది. మేము పట్టణమునకు పోయిననాడు అట్టి కవరొకటి మా తల్లిగారి వెంట నున్నయెడల ఆ రెండవ మాత్ర వ్రాయబడియుండదు.

కాలక్రమమున కవరులు లావెక్కెను. ఇన్నూరు కాగితములలో కావలసినది వెదకుట గడ్డివామిలో సూది వెదకుటయే. లారెన్సు వీడ్ అను మరియొక అమెరికా వైద్యుడు 1968లో దీనికి మార్గము చూపెను: మొదటిపుటలో రోగి బాధలన్నియు వరుససంఖ్యలతో వ్రాసి, తరువాత వ్రాయు ప్రతి మాటయు ఏ సంఖ్యగల బాధను గూర్చినదో సూచింపవలెను. ఇట్లుచేసిన ఏ బాధయు మరుగునపడదు.

ఇప్పుడు బోస్టను నగరపు శస్త్రవైద్యుడగు ఎర్నెస్టు కాడ్‌మన్‌గారి కథ చెప్పవలెను. ఇది నాకు మిక్కిలి యిష్టమైనది. మీరు పరీక్ష వ్రాసినపిమ్మట మార్కులు తెలియును గదా! చికిత్సకు మార్కులు ఎవరు వేయుదురు? రోగి గడపదాటి యింటికి పోయిన పిమ్మట బాగుపడెనో లేదో డాక్టరునకు తెలియుట యెట్లు? కాడ్‌మను ప్రతిరోగికి నొక కార్డు పెట్టి, అందు రోగలక్షణములు, తాను నిర్ణయించిన వ్యాధి, చేసిన చికిత్స, కలిగిన చిక్కులు వ్రాసి, ఒక సంవత్సరమునకు మరల విచారించి ఫలితము వ్రాసెడివాడు. ఫలితము చెడినచో కారణ మేమి? వ్యాధి తెలియకపోయెనా, చేయి తప్పెనా, పరిచర్య లోపించెనా? అదియు వ్రాయుటయే. అన్ని ఆసుపత్రులును ఇట్లే వ్రాసి లోకమునకు వెల్లడింపవలెనని ఆయన వాదించెను. తోడివైద్యులకు ఈ మాట రుచింపలేదు. 1914లో ఆయన మసాచుసెట్సు జనరల్ ఆసుపత్రిలోని పదవి వదలెను. 1915 జనవరిలో వైద్యులసభలో, నిజము చూడనొల్లక ఇసుకలో తలదూర్చిన నిప్పుకోడి బొమ్మ నొకదానిని ప్రదర్శించి నగరమంతటి కోపమునకు పాత్రుడయ్యెను. (బొమ్మ లేకున్నను ఆయన వాదమునకు బలము తగ్గెడిది కాదు, కోపముమాత్రము తగ్గియుండును.) ఆయన తన సొంత చిన్న ఆసుపత్రిలో 1911 మొదలు 1916 వరకు చికిత్సపొంది వెళ్లిన 337 మంది రోగుల వృత్తాంతములలో 123 పొరపాటులు జరిగినవని తానే అచ్చువేయించెను. ఆయన 1940లో చనిపోగా సమాధిపై పేరు చెక్కిన రాయియైనను లేకుండెను. 2014లో వైద్యసంఘములవారు రాయి నిలిపిరి.

మనదేశమునకు వత్తము. క్షయరోగి మంచిగాలి, మంచియాహారము గల శానిటోరియములోనే యుండవలెనని పూర్వము తలచెడివారు. 1956లో మదరాసున నొక పరిశోధన ప్రారంభమయ్యెను. రోగులలో సగమును శానిటోరియమునకు పంపి, సగమును వారివారి యిండ్లలోనే యుంచి ఒకేమందు లిచ్చిరి. ఇంటనున్నవారు బీదలు, ఇరుకుగదులలో కాపురమున్నవారు. పరిచారికలు ఇండ్లకు పోవుట, చెప్పక వచ్చి మాత్రలు లెక్కించుట, మందు తినిరో లేదో మూత్రపరీక్షచే తెలిసికొనుట, ఇవన్నియు కార్డులలో వ్రాయుట నియమముగా జరిగెను. 1959లో ప్రకటించిన ఫలితమేమనగా, ఇంటి చికిత్స శానిటోరియము చికిత్సకు ఇంచుమించు సమానము. ఇంటిల్లిపాదికిని అందువలన వ్యాధిభయము హెచ్చలేదు. ఈ ఫలితము వలన ప్రపంచమంతటను క్షయచికిత్స మారినది. మందు గొప్పదే, కాని రోగి యెచ్చట నున్నను అతని వెంట నడచిన ఆ కార్డు లేనిది ఇది తేలియుండెడిది కాదు.

నేడు మన గ్రామములలో గర్భిణీస్త్రీలకు ఇచ్చు తల్లీబిడ్డల కార్డుకూడ ఈ జాతిదే. తల్లి బరువు, రక్తపుపోటు, బిడ్డకు వేసిన టీకాలు అందు వ్రాయబడును. ఆమె పుట్టింటికి పోయినను కార్డు వెంటపోవును. 2021 సెప్టెంబరు 27వ తేదీని భారతప్రభుత్వమువారు దేశమంతటికిని వర్తించునట్టి ఆరోగ్యసంఖ్యా పద్ధతిని ప్రారంభించిరి. కోరినవారికి 14 అంకెల సంఖ్య యిత్తురు. రోగి సమ్మతించినచో ఒక ఆసుపత్రిలోని వృత్తాంతమును మరియొక ఆసుపత్రివారు కంప్యూటరుద్వారా చూడవచ్చును. ప్లమ్మరుగారి కవరు ఇప్పుడు తీగలమీద పోవుచున్నదనుకొనుడు.

ఇందు రెండు భయములు లేకపోలేదు. ఒకటి రహస్యభంగము. క్షయ, కుష్ఠు మొదలగు వ్యాధుల పేరు బయటపడినచో పిల్లల పెండ్లిండ్లు చెడిపోయిన యిండ్లు మనకు తెలియనివి కావు. రోగి సమ్మతి లేనిదే చీటీ చూపరాదను నియమము అందుకే. రెండవది, యంత్రము నిలిచిపోవుట. 2022 నవంబరులో దుర్మార్గు లెవరో ఢిల్లీలోని ఆలిండియా వైద్యవిజ్ఞానసంస్థ కంప్యూటరులలో చొరబడి వానిని స్తంభింపజేయగా, అనేకదినములు అచ్చటివారు కాగితముమీదనే పనులు నడుపవలసివచ్చెను. కాబట్టి కాగితమును చులకన చేయవలదు. మరియు ఎంత గొప్ప యంత్రమైనను, ఎవరును వ్రాయని సంగతిని చెప్పజాలదు.

మీరు ఇప్పుడే చేయదగినది యొకటి కలదు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ తాతగారి మందుల డబ్బా తెరచి, ప్రతి అట్టమీదను చిన్నయక్షరములలో నున్న మందుపేరు చూచి, ఎంత, ఎప్పుడు, ఎవరు వ్రాసిచ్చిరో ఒక కాగితముమీద వ్రాయుడు. ఏ మందు ఒంటికి పడదో ఎఱ్ఱసిరాతో వ్రాయుడు. పూర్వము జరిగిన శస్త్రచికిత్సలు, వాని సంవత్సరములు, ఇంట అత్యవసరమున పిలువవలసినవారి పేరును చేర్చుడు. వ్రాసిన తేదీ మరువవలదు; తేదీలేని చీటీని నమ్మరాదు. ఒకే మందు రెండు పేరులతో కనబడినచో, మీరుగా మాన్పక డాక్టరుగారికి చూపుడు.

మా తల్లిగారికి నేనట్టి చీటీ వ్రాసి, అట్టకు అంటించి యిచ్చితిని. ఆమె దానిని తమలపాకుల సంచిలో నుంచుకొనినది. అక్షరములు కూడబలుకుకొని రెండుమారులు చదివించుకొని, "అంతయు బాగుగనే యున్నది గాని నాయనా, నా కాళ్లమంట సంగతి యెక్కడ వ్రాసితివి?" అని యడిగినది. చక్కెర గందరగోళములో, ఏ బాధకై పట్టణమునకు పోయితిమో ఆ బాధనే అందరమును మరచితిమి. అట్ట తిరిగి పుచ్చుకొని మొదటివరుసలో వ్రాసితిని.