చెయ్యి తిమ్మిరెక్కుతోందా? కొత్త మౌస్ కొనేముందు ఏ వేళ్లో చూసుకోండి

మామూలుగా నేను ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల గురించి రాస్తాను. ఈసారి వాటిని పట్టుకునే చెయ్యి గురించి రాయాల్సి వచ్చింది. కొన్ని నెలలపాటు రాత్రి రెండు, మూడు గంటలకు కుడిచెయ్యి మొద్దుబారిపోయి మెలకువ వచ్చేది. లేచి చెయ్యి విదిలిస్తే తగ్గేది, మళ్లీ పడుకునేవాడిని. మౌస్ వల్లే అనుకుని వర్టికల్ మౌస్ కొన్నా. బాగుందని దాని రివ్యూ కూడా రాశా. తిమ్మిరి మాత్రం పోలేదు.

చివరికి డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆయన మౌస్ గురించి అడగనే లేదు. "ఏయే వేళ్లు?" అన్నారు.

అసలు విషయమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. మణికట్టు లోపల ఒక ఇరుకు దారి ఉంటుంది. కింద, పక్కల చిన్న ఎముకలు, పైన గట్టి లిగమెంట్. వేళ్లను ముడిచే 9 టెండన్లు, వాటితో పాటు మీడియన్ నరం అందులోంచే వెళ్తాయి. ఇంటి వైరింగ్‌లో ఒకే పైపులో పది వైర్లు లాగినట్టన్నమాట. లోపల కాస్త వాపు వచ్చినా పైపు సాగదు, నరం నలుగుతుంది. అదే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్.

ఆ నరం స్పర్శ ఇచ్చేది బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరం వేలిలో సగానికి. చిటికెన వేలికి కాదు. మీకు తిమ్మిరి చిటికెన వేలిలోనే ఉంటే అనుమానించాల్సింది అల్నార్ నరాన్ని. మోచెయ్యి మడిచి గంటలకొద్దీ ఫోన్ చూసేవాళ్లకి అది ఒత్తుకునే అవకాశం ఎక్కువ. తిమ్మిరి లేకుండా బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి మాత్రమే ఉంటే అది టెండన్ సమస్య కావచ్చు. ఈ మూడింటికీ వైద్యం వేరు.

మరి రాత్రే ఎందుకు? నిద్రలో మనకు తెలియకుండానే మణికట్టు మడిచేస్తాం. మడిస్తే లోపల ఒత్తిడి పెరుగుతుంది. డాక్టర్లు చేసే ఫాలెన్ టెస్ట్ కూడా ఇదే సూత్రం: రెండు చేతుల వెనక భాగాలు కలిపి, మణికట్లు కిందికి వంచి 60 సెకన్లు ఉంచాలి. ఆ వేళ్లలో తిమ్మిరి మొదలైతే అనుమానం బలపడుతుంది, అంతే. దాంతోనే తేల్చేయకూడదు. నాకు నర్వ్ కండక్షన్ టెస్ట్ కూడా చేశారు. చిన్న షాక్ ఇచ్చి, నరంలో సిగ్నల్ ఎంత ఆలస్యంగా చేరుతోందో చూస్తారు. మన భాషలో చెప్పాలంటే పింగ్ టెస్టే. షాక్ చురుక్కుమంటుంది గానీ భరించొచ్చు.

కీబోర్డ్ వల్లే ఇది వస్తుందన్నది మనం అనుకునేంత గట్టిగా రుజువు కాలేదు. డయాబెటిస్, థైరాయిడ్ తగ్గడం, గర్భం, కీళ్లవాతం, అధిక బరువు, అదిరే మెషీన్లతో పని, ఇవన్నీ కారణాలే. అందుకే నాకు ముందు షుగర్, థైరాయిడ్ పరీక్షలు రాశారు.

తొలిదశలో వైద్యం చాలా సాదా: రాత్రిపూట మణికట్టుకి స్ప్లింట్. కొనేటప్పుడు ఒక్కటి గమనించండి. చాలా రెడీమేడ్ స్ప్లింట్లలో లోహపు పట్టీ చేతిని పైకి వంచి ఉంచుతుంది. మనకు కావాల్సింది నిటారుగా ఉండేది. నేను పట్టీ బయటికి తీసి సరిచేసుకున్నా. బిగించి కట్టకూడదు. కనీసం ఆరు వారాలు చూడాలి. పెయిన్ కిల్లర్లతో పెద్దగా ఉపయోగం ఉండదు. తగ్గకపోతే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు, చాలామందికి కొన్ని వారాల నుంచి కొన్ని నెలల దాకా ఉపశమనం ఉంటుంది. ముదిరితే ఆ లిగమెంట్‌ని కోసి దారి వెడల్పు చేసే సర్జరీ. సాధారణంగా అదే రోజు ఇంటికి పంపేస్తారు, పట్టు పూర్తిగా రావడానికి మాత్రం టైం పడుతుంది.

వాయిదా వెయ్యకూడని గుర్తులు కొన్ని ఉన్నాయి: తిమ్మిరి పగలూ రాత్రీ ఉండిపోవడం, చేతిలోంచి వస్తువులు జారిపోవడం, బొటనవేలి కింద కండ పల్చబడటం. అక్కడిదాకా వస్తే సర్జరీ చేసినా పోయిన బలం మొత్తం తిరిగి రాకపోవచ్చు.

నాకు ఐదో వారం నుంచి రాత్రి మెలకువ రావడం ఆగింది. వర్టికల్ మౌస్ ఇంకా టేబుల్ మీదే ఉంది, సుఖంగానే ఉంది. దాని రివ్యూలో "తిమ్మిరి ఉన్నవాళ్లు కళ్లు మూసుకుని కొనొచ్చు" అని రాశాను. ఆ లైన్ నిన్న తీసేశా.