జలగర్భ నగరి – విజయపురి

కృష్ణానది నారాయణపేట జిల్లాలో తెలంగాణ నేలను తాకుతుంది. అదే జిల్లాలోని కోస్గి వంటి మెట్టప్రాంతాల రైతుకు ఆ నది పేరుకు దగ్గరిదే గాని నీటికి దూరమైనది. అచ్చటినుండి తూర్పుగా సాగి, నల్లమల కొండలను ఒరుసుకొంటూ నల్లగొండ సరిహద్దున నాగార్జునసాగర జలాశయమై విస్తరిస్తుంది. ఆ నీటి అడుగున ఒక రాజధాని ఉన్నది. అది ఇక్ష్వాకుల విజయపురి.

సాతవాహనుల అనంతరం క్రీ.శ. 3, 4 శతాబ్దులలో ఇక్ష్వాకు రాజులు ఈ నగరం నుండి పాలించారు. పశ్చిమాన కృష్ణ, మిగిలిన మూడు దిక్కులా కొండలు. నడుమ సుమారు 23 చదరపు కిలోమీటర్ల లోయ. వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధయాగం చేసిన వైదిక మతాభిమాని. ఆయన సోదరి శాంతిసిరి బౌద్ధ మహాచైత్యాన్ని నిర్మింపజేసింది. ఒకే ఇంట రెండు ధర్మాలు పొరపొచ్చాలు లేకుండ వర్ధిల్లడం ఆ కాలపు విశేషం. నగర నిర్మాణంలోను ఈ పొందిక కనిపిస్తుంది. నదీతీరం వెంబడి దేవాలయాలు, లోపలి నేలపై స్తూపాలు, విహారాలు వెలసినవి.

తీరాన రాతి పలకలతో మెట్లుమెట్లుగా కట్టిన స్నానఘట్టం ఆ నగరానికి ముఖద్వారం వంటిది. విజయపురి పరిచయాలు ఏటి ఒడ్డుతో ఆగిపోలేదు. బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం కాశ్మీర, గాంధార, చీనా, వంగ, తామ్రపర్ణి మొదలైన దేశాలను పేర్కొంటున్నది. సింహళ భిక్షువుల కొరకు ఇచ్చట ప్రత్యేకంగా ఒక విహారమే ఉండెడిది. తవ్వకాలలో రోమను బంగారు నాణేలు కూడ లభించినవి.

ఇంతటి నగరం శతాబ్దాల పాటు మరుగున పడిపోయినది. సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు అచ్చటి పురాతన స్తంభాన్ని గమనించి అధికారులకు తెలియజేశాడు. 1926లో ఎ.ఆర్. సరస్వతి ఈ ప్రదేశాన్ని పరిశీలించారు. పిమ్మట లాంగ్‌హర్స్ట్ త్రవ్వకాలు సాగించాడు. ఒక బడిపంతులు చూపు లేకున్నచో ఈ కథ ఎన్నాళ్లకు వెలుగులోకి వచ్చేదో!

అయితే వెలుగు చూసిన నగరానికి అంతలోనే ముంపు సమీపించినది. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. ఎండిన పొలాలకు నీరు కావలెను. నీరు నిలిస్తే లోయ మునుగును. కాలంతో పోటీపడుతూ ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వాన 1954 నుండి 1960 వరకు విస్తృతంగా త్రవ్వకాలు జరిగినవి. ముఖ్యమైన కట్టడాలలో కొన్నింటిని రాయి వెంట రాయిగా విప్పి, కొన్నింటిని నాగార్జునకొండ శిఖరం మీద, మరికొన్నింటిని అనుపు వద్ద తిరిగి నిర్మించారు. రాళ్లను తరలించవచ్చును గాని లోయను తరలించలేరు. ఆ లోయలోని పుల్లారెడ్డిగూడెం వాసులకు కూడ ఊరు విడువక తప్పలేదు. శిల్పాలను గురించి వ్రాసినంతగా వారిని గురించి ఎవరూ వ్రాయలేదనే చెప్పాలి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడుదల చేశారు. ఎడమ కాలువతో నల్లగొండ, ఖమ్మం పొలాలు పచ్చబడినవి. ఆనకట్టకు ఎగువనున్న పాలమూరు మెట్టలకు మాత్రం ఆ నీరు అందలేదు.

నేడు విజయపురిని చూడగోరువారికి కాలినడక, పడవ రెండూ అవసరమే. మొదట రోడ్డుమార్గాన అనుపునకు వెళ్లడం మంచిది. అచ్చట దీర్ఘచతురస్రాకారపు రంగస్థలాన్ని నాలుగు వైపులా రాతి సోపానాలు చుట్టి ఉంటాయి. పై మెట్టున కూర్చున్న వానికి కూడ క్రింది మాట స్పష్టంగా వినిపించేలా దానిని రూపొందించారు. సమీపముననే శిశురక్షకురాలైన హారీతి ఆలయం కలదు.

ఆపైన లాంచీ ఎక్కవలెను. కొండకు చేరడానికి సుమారు ముప్పావుగంట పడుతుంది. లాంచీలో పల్లీలు తింటూ కేరింతలు కొట్టే యాత్రికులలో తమ పాదాల క్రింద ఒక నగరపు వీథులు, యజ్ఞశాలలు ఉన్న సంగతి ఎరిగినవారు తక్కువ. ఒకనాడు లోయలో తలెత్తి చూడవలసిన కొండ ఇప్పుడు ద్వీపమైనది. రేవున దిగి పైకి నడిస్తే మధ్యయుగపు కోటగోడలు ఎదురవుతాయి. వాటిని దాటగా పునర్నిర్మించిన స్తూపాలు, చైత్యాలు, స్నానఘట్టం దర్శనమిస్తాయి. ఏటి అలలు తాకవలసిన ఆ మెట్లు కొండమీద పొడిగా ఉండడం చూపరులకు కొంత వింతగాను, కొంత బాధగాను తోస్తుంది.

పురావస్తు ప్రదర్శనశాలలో పాలనాటి సున్నపురాతి శిల్పాలు, మూడు మీటర్ల ఎత్తైన బుద్ధవిగ్రహం ప్రధాన ఆకర్షణలు. కాని విద్యార్థులు తప్పక నిలిచి చూడవలసినది మునిగిన లోయ నమూనా. నది ఎటు పారినదో, దేవాలయాలు ఎచ్చట నిలిచినవో, విహారాలు ఎంత దూరాన ఉండెడివో అందులో తెలుస్తుంది. దానిని చూసిన పిదపనే కొండమీది కట్టడాలు అర్థమవుతాయి. తిరుగు లాంచీ కొరకు తొందరపడి చాలమంది ఈ నమూనాను చూడకనే వెనుదిరుగుతారు. ఉదయపు లాంచీలో బయలుదేరినవారికి ఆ ఇబ్బంది ఉండదు.