వాన తగ్గించిన గుబులు

అనంతపురం పల్లెల్లో రైతు కుటుంబాలకు మానసిక సలహా ఇచ్చే ప్రాజెక్టులో లెక్కలు చూసే ఉద్యోగంలో చేరారా? అయితే నేను పడ్డ గుంతలో మీరు పడొద్దు. జూన్‌లో, పదును వాన కోసం ఊరంతా మబ్బు చూస్తున్న రోజుల్లో, గుబులు (డిప్రెషన్) ఎంతుందో కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నలు అడిగాం. డిసెంబర్లో, శెనక్కాయ అమ్ముకున్నాక, మళ్లీ అడిగాం. స్కోర్లు బాగా తగ్గాయి, మీటింగులో చప్పట్లు. టీ తాగేటప్పుడు ఒక ఆశా కార్యకర్త మెల్లగా అంది: "మనం పోని ఊర్లలో గూడా ఈ ఏడు బాగానే ఉండారు కదా సార్."

రిపోర్టు అక్కడే తేలిపోయింది.

ఆ తొమ్మిది ప్రశ్నలు గడిచిన రెండు వారాల గురించే. స్కోరు 0 నుంచి 27, ఎక్కువైతే గుబులు ఎక్కువ. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు, అదీ నమ్మకం లేకుండా పడే చోట, ఆ రెండు వారాలు ఎప్పటివన్నది చాలా ముఖ్యం. ఇంకో చిక్కు, 10 దాటినవాళ్లనే చేర్చుకుంటాం. వాళ్లలో కొందరు అప్పులాయన గడపలో కూర్చున్న వారంలో మనకు దొరికినవాళ్లు. మనం ఏమీ చేయకపోయినా రెండోసారికి కొంత దిగుతారు. 1886లో ఫ్రాన్సిస్ గాల్టన్ తల్లిదండ్రుల, పిల్లల ఎత్తుల్లో చూసిన 'సగటు వైపు మొగ్గు' ఇదే.

అందుకే మనం పోని ఊళ్లూ లెక్కలో ఉండాలి. ఊళ్ల పేర్లతో చీటీలు వేసి, పదిమంది ముందు తీసి, ఊళ్లను రెండు గుంపులు చేయండి. రెండో గుంపు ఊళ్లకు వచ్చే ఏడు సేవ అందించండి. కానీ తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి 'అస్సలు లేదు' అని కాక వేరే జవాబు ఇచ్చినవాళ్లను ఏ ఊరైనా సరే, అదే రోజు డాక్టరుకు చూపించాలి, మానసిక సాయానికి ఫోన్ చేసే టెలీ మానస్ 14416 నంబరు చేతిలో పెట్టాలి.

ఉదాహరణకు మన ఊళ్లలో స్కోరు 14 నుంచి 8కి, మిగతా ఊళ్లలో 14 నుంచి 10.5కి దిగిందనుకోండి. మన పని ఫలితం 6 కాదు, 2.5. స్కోర్ల ప్రామాణిక విచలనం 5 అయితే ప్రభావం 2.5 ÷ 5 = 0.5. నాకు అది చిన్నదేం కాదు.

20 ఊళ్లలో 20 మంది చొప్పున 400 మందిని అడిగామని మురిసిపోవద్దు. ఒకే వాన, ఒకే ఎండిన బోర్లు. ఒక ఊరివాళ్ల స్కోర్లు ఒకదానికొకటి పోలి ఉంటాయి. ఆ పోలికను కొలిచే సంఖ్య 0.05 ఉన్నా చాలు, 1 + (20 − 1) × 0.05 = 1.95. 400ను దీంతో భాగించాలి. అంటే మీ 400 మంది సుమారు 205 మందికే సమానం. ఊరి పేరు ఒక కాలమ్‌గా పెట్టి, దాన్ని లెక్కలోకి తీసుకునే పద్ధతే వాడండి. పశ్చిమ గోదావరిలోనూ హర్యానాలోనూ జరిగిన స్మార్ట్ మెంటల్ హెల్త్ ట్రయల్‌లో మనుషులను కాక ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలనే గుంపులుగా విడదీశారు.

రెండోసారి అడగడానికి వెళ్లినప్పుడు 'ఇంటికి తాళం' అని రాసి వదిలేయకండి. బెంగళూరుకు వలస పోయినవాళ్లే బాగా నలిగినవాళ్లు కావచ్చు. మొదటి రోజే బంధువు ఫోన్ నంబరూ రాసుకోండి. సలహాకు ఒక్కసారీ రానివాళ్లను కూడా, చీటీ ఏ గుంపులో వేసిందో ఆ గుంపులోనే ఉంచండి.

రెండు రకాల ఊళ్లకూ ఒకే వారంలో వెళ్లండి. సలహా ఇచ్చిన మనిషిని మాత్రం స్కోరు అడగడానికి పంపొద్దు. "ఇప్పుడు బాగుంది మేడమ్" అంటారు, మజ్జిగ కూడా ఇస్తారు.