విరమణవేళ పలుకవలసిన మాట

ఉద్యోగి పదవీ విరమణ చేయు దినమున కార్యాలయమున సభ జరుగును. శాలువ కప్పుదురు, పూలమాల వేయుదురు, సన్మానపత్రము చదువుదురు. చివరకు ఎవరో ఒకరు, "ఇకనేమండీ, హాయిగా రామా కృష్ణా అనుకుంటూ కూర్చోండి" అందురు. పలికినవారి మనస్సున కల్మషము లేదు. అయినను వినినవానికి "ఇక నీతో పని లేదు" అన్నట్లు తోచును. భగవన్నామము సైతము పని లేనివాని కాలక్షేపమన్నట్లు ధ్వనించును. మరి ఆ వేళ ఏమి పలుకవలెను? ఇతిహాసపురాణములలో ఇందుకు మూడు ఘట్టములు కలవు.

మొదటిది శ్రీమద్రామాయణము అయోధ్యాకాండములోనిది. దశరథమహారాజు నిండుసభలో, శ్వేతచ్ఛత్రపు నీడన తన శరీరము జీర్ణించినదనియు, కుమారునకు భారమప్పగించి విశ్రాంతి పొందగోరుచున్నాననియు తెలిపెను. సభవారు వెంటనే ఆమోదించిరి. రాజు వృద్ధుడైనాడు గనుక రాముని యువరాజును చేయుట తగుననిరి. కోరినది లభించినను రాజు ఊరకుండలేదు. తాను ధర్మముతో పాలించుచుండగా వారు రాముని ఏల కోరుచున్నారని అడిగెను. వారి అభిప్రాయమెరుగుటకే అడిగినను, విరమించు ప్రతివాని హృదయము ఆ ప్రశ్నలో కలదు. సభవారు ఆయనలో లోపమెంచలేదు. రాముని కల్యాణగుణములను ఒక్కొక్కటిగా వర్ణించి, అట్టి కుమారుడు కలుగుట రాజు భాగ్యమనిరి. విరమించువానికి వయస్సును గుర్తుచేయుటకంటె, అతడు తీర్చిదిద్దినవారిని చూపుట మేలు. అతనివద్ద పని నేర్చిన చిన్నవాడు లేచి, తాను నేర్చినదేమో ఒక్కటి చెప్పినను చాలును. అది సన్మానపత్రముకంటె మిన్న.

రెండవది శ్రీమద్భాగవతము ప్రథమస్కంధములోనిది. తీర్థయాత్ర ముగించి హస్తినాపురము చేరిన విదురుడు అన్నయగు ధృతరాష్ట్రునితో కఠినముగా పలికెను. కుమారులు గతించిరి, దేహము ముదిసినది. ఎవరికి కీడు తలపెట్టెనో వారి యింటనే, భీముడు పెట్టిన ముద్ద తినుచు బ్రతుకుటేల అని అడిగెను. ఆ మాట ధృతరాష్ట్రుని మోహమును త్రెంచినది. మరునాడు ధర్మరాజు వచ్చి చూచునప్పటికి ఆ సోదరులును గాంధారియును మందిరమున లేరు. కఠినవాక్యము పలుకుటకు విదురునకు అర్హత కలదు. జీవితమంతయు హితమే చెప్పినవాడు. చెప్పి ఊరకుండక అన్న వెంట తానును నడచెను. తోడు నడువనివానికి అట్టి మాట పలుకు అధికారము లేదు.

మూడవది ఏకాదశస్కంధములోనిది. శ్రీకృష్ణుడు అవతారము చాలించు వేళ, తనను విడువలేకున్న ఉద్ధవుని బదరికాశ్రమమునకు పొమ్మనెను. అలకనందాస్నానము, నారచీరలు, వన్యాహారము, విన్న ఉపదేశమును మననము చేయుట — ఇట్లు ఆయనకు ఒక స్థానమును, ఒక దినచర్యను నిర్దేశించెను. తన పాదుకలను ప్రసాదించెను. ఉద్ధవుడు వానిని శిరమున దాల్చి పయనమయ్యెను. స్వామి ఆయనను ఊరక పంపలేదు. పని యిచ్చి పంపెను.

పదవికి వయఃపరిమితి ప్రభుత్వము నిర్ణయించును. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగులకు అది 2014లో 60 ఏండ్లకు, 2022లో 62 ఏండ్లకు పెరిగినది. తెలంగాణలో 2021లో 61 ఏండ్లయినది. ఒక ఉత్తరువుతో మారు సంఖ్య మనిషి విలువకు కొలత కాజాలదు. జీవుడు భగవంతునకు శేషభూతుడని శ్రీవైష్ణవసిద్ధాంతము. శేషునకు కైంకర్యమే స్వరూపము. దానికి వయఃపరిమితి లేదు.

కనుక విరమించినవానితో "ఇక కూర్చోండి" అనుటకు బదులు, "ఇక మాకు దీనిలో తోడ్పడండి" అని కోరుట ఉచితము. లెక్కలు వ్రాసినవారిని గ్రామాలయపు జమాఖర్చులు చూడుమని వేడవచ్చును. పాఠములు చెప్పినవారిని ధనుర్మాసమున పిల్లలకు తిరుప్పావై ముప్పది పాశురములు నేర్పుమని కోరవచ్చును. ఏ విద్యయు రానివారు సైతము పెరటి తులసిని దినమునకొక మాల కట్టి స్వామికి సమర్పింపవచ్చును. ఇంటివారు మరునాటి ఉదయము ఆయనను సంప్రదించి ఒక పని చేసిన, నిన్నటి సభలో వినరాని మాట ఆయనకు ఇంట వినిపించును. అప్పుడు రామా కృష్ణా అను నామము కాలక్షేపము కాక, చేయుచున్న కైంకర్యమునకు ప్రాణమగును.